సముద్రం వేడెక్కుతోంది, చేప దారి మారుతోంది: నెల్లూరు, ప్రకాశం తీరంలో తరచుగా అడిగే ప్రశ్నలు

మైపాడు ఇసుకలో కూర్చుని వల బాగుచేసుకునేవారు, కొత్తపట్నం ఒడ్డున చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు, నెల్లూరు, ఒంగోలు మార్కెట్లలో బేరమాడేవారు, రొయ్యల రైతులు, బడిపిల్లలు పదేపదే అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి రెండు మాటలు చాలు. కొన్నిటికి చాలవు. అలాంటి చోట ఓపికగా చదవమని మనవి.

సముద్రం వేడెక్కిందంటారు. చెయ్యి పెట్టి చూస్తే మాకేమీ తేడా తెలియడం లేదే?

చేతికి తెలియదు. రోజులో ఎండకీ నీడకీ ఉండే తేడా ముందు ఆ మార్పు చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ దశాబ్దాల కొలతలు పక్కపక్కన పెడితే దాచుకోవడానికి ఏమీ మిగలదు. 1951 నుంచి 2015 వరకు ఉష్ణమండల హిందూ మహాసముద్రంలో పైనీటి ఉష్ణోగ్రత సగటున 1 డిగ్రీ సెల్సియస్ పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో విడుదల చేసిన నివేదిక లెక్క తేల్చింది. అదే కాలంలో ప్రపంచ సముద్రాల సగటు పెరుగుదల 0.7 డిగ్రీలు. అంటే మన వైపు సముద్రం మిగతావాటి కంటే ముందు నడుస్తోంది.

ఒక బిందె నీళ్లు కాచాలంటే ఎన్ని కట్టెలు కావాలో ఇంట్లో పొయ్యి ఊదినవారికి తెలుసు. కన్యాకుమారి నుంచి ఆఫ్రికా తీరం దాకా పరుచుకున్న నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎంత వేడి కావాలో ఊహించండి. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చడం వల్ల భూమి మీద పోగుపడుతున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే తాగేసింది. నేల మీద మనం ఇప్పటికి ఈ మాత్రం బతకగలుగుతున్నామంటే ఆ మేలు సముద్రానిదే. దాని ఖర్చు మాత్రం చేపలు కడుతున్నాయి.

బంగాళాఖాతం మొదటి నుంచీ వెచ్చనిదే కదా. మన చేపలకు ఒక డిగ్రీ ఒక లెక్కా?

లెక్కే. నిజానికి వెచ్చని నీటి చేపలకే ఇబ్బంది ఎక్కువ. అవి ఇప్పటికే తట్టుకోగల వేడి అంచున బతుకుతున్నాయి. చల్లని దేశాల చేపకు నీరు కాస్త వేడెక్కితే ధ్రువం వైపు జరగడానికి ఇంకా చల్లని చోటు ఉంటుంది. బంగాళాఖాతానికి ఉత్తరాన నేల అడ్డం. ఇక్కడి చేపకు మిగిలేది లోతు ఒక్కటే. లోతుకు వెళ్తే అక్కడ ప్రాణవాయువు కరువు. ఆ సంగతి కింద చెబుతాను.

నీరు వేడెక్కితే చేప ఒంట్లో ఏమవుతుంది?

ఈ ప్రశ్న అడిగిన పిల్లలకు నేను ముందు ఒక చేపను చూపిస్తాను. మార్కెట్లో తాజా కానాగంతను ఒకటి తీసుకుని తలపక్క మూత ఎత్తండి. లోపల దువ్వెన పళ్లలా వరసగా ఎర్రటి మొప్పలు కనిపిస్తాయి. వేలితో నెమ్మదిగా విడదీస్తే ఒక్కో పన్ను మీద సన్నని నూలుపోగులు, వాటి మీద కంటికి ఆనని మడతలు. చేప ఊపిరంతా అక్కడే. నోటితో నీరు తీసుకుని ఈ మడతల మీదుగా బయటికి తోస్తుంది. నీటిలో కరిగిన ప్రాణవాయువు రక్తంలోకి పోతుంది. ఆ ఎరుపు రక్తానిదే.

చేపకు మనలా ఒంటి వేడి సొంతంగా ఉండదు. సూర లాంటి కొన్ని చేపలను మినహాయిస్తే, నీరు ఎంత వెచ్చగా ఉంటే ఒళ్లూ అంతే. నీరు వేడెక్కగానే ఒంట్లో పనులన్నీ వేగం అందుకుంటాయి. ఆకలి పెరుగుతుంది, ఊపిరి అవసరం పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఎండలో పెట్టిన గోళీసోడా చప్పబడిపోయినట్టు, వేడినీరు వాయువును పట్టి ఉంచలేదు. అవసరం పెరిగింది, సరఫరా తగ్గింది. ఇక ఆ చేప తిన్నదంతా ఊపిరికీ ఈతకీ ఖర్చు చేస్తుంది. ఒళ్లు పెంచుకోవడానికి, గుడ్లు కట్టడానికి మిగిలేది కొంచెమే.

అందుకే వెచ్చని నీటిలో చాలా జాతుల చేపలు త్వరగా ఈడుకు వచ్చి, చిన్న సైజులోనే ఆగిపోతాయి. చిన్న తల్లి పెట్టే గుడ్లు తక్కువ. ఒక పెద్ద వంజరం పెట్టే గుడ్లకు నాలుగు చిన్న వంజరాలు కలిసినా సాటిరాకపోవచ్చు. కడుపు పెద్దదైన కొద్దీ గుడ్ల సంఖ్య అంతకంటే వేగంగా పెరుగుతుంది మరి. సైజు తగ్గడం బేరం దగ్గర కనిపించే నష్టం. గుడ్లు తగ్గడం కొన్నేళ్ల తర్వాత వలలో కనిపించే నష్టం.

కవ్వళ్లు, కానాగంతలు చోటు మారాయన్న మాట నిజమేనా?

నిజమే. నూనె కవ్వళ్లంటే ఒకప్పుడు కేరళ, కర్ణాటక తీరాల చేప. 1980ల మధ్య వరకు దేశంలో పట్టిన నూనె కవ్వళ్లలో దాదాపు అన్నీ పడమటి తీరంలోనివే. ఆ తర్వాత తమిళనాడు మీదుగా మన తీరం దాకా అవి రావడం మొదలైంది. కొచ్చిలో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు ఈ మార్పును పైనీటి వేడితో ముడిపెట్టి చూపించారు. కానాగంతలదీ ఇంచుమించు ఇదే దారి. పైగా అవి అడుగు నుంచి ఈడ్చే వలల్లో పడటం ఎక్కువైంది. పైనీటిలో గుంపులుగా తిరిగే చేప కాస్త లోతుకు దిగుతోందని దానర్థం.

"మంచిదే కదా, మనకు కొత్త చేప వచ్చింది" అని ఒక పెద్దాయన అన్నారు. కొంతవరకు ఒప్పుకుంటాను. కవ్వళ్లు పేదింటి చేప, మంచి చేప. అయితే వచ్చిన చేప ఉండిపోతుందని హామీ లేదు. కేరళలోనే కవ్వళ్లు ఒక ఏడు కుప్పలుగా పడి, మరో ఏడు కనిపించకుండా పోయి ఎన్నో ఇళ్లను కుదిపేశాయి. ఒకే చేప కోసం అప్పు చేసి ప్రత్యేక వల కొనుక్కున్న ఇంటికి ఆ ఊగిసలాట ఎంత భారమో వేరే చెప్పనక్కర్లేదు.

చేపలు గుడ్లు పెట్టే కాలం కూడా మారుతోందా?

మారుతోంది. దీనికి మన పక్కనే ఉదాహరణ ఉంది. చెన్నై మార్కెట్లో శంకర మీను పేరుతో అమ్మే గులాబీ రంగు చేప ఒకటుంది. దాని మీద అదే తీరంలో మన పరిశోధకులు సుమారు పాతికేళ్ల వివరాలు పోల్చి చూశారు. నీరు వేడెక్కిన కొద్దీ ఎండాకాలంలో గుడ్లు పెట్టేవి తగ్గుతూ, చల్లని నెలల్లో పెట్టేవి పెరుగుతూ వచ్చాయి. పులికాట్ దాటితే మనదీ అదే నీరు.

మనకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమనే దాన్ని పెట్టారు. కొన్ని జాతులు చల్లని నెలలకు జరిగిపోతే ఆ గుడ్ల చేపలు నిషేధం లేని రోజుల్లో వలలో పడతాయి. అంతమాత్రాన నిషేధం ఎత్తేయమనడం తప్పు. ఆ 61 రోజులు ఇంకా ఎన్నో జాతులకు ఊపిరి పోస్తున్నాయి. ఏ జాతి కడుపులో ఏ నెలలో గుడ్లు ఉంటున్నాయో ఊరూరా చూసి, దాన్ని బట్టి అదనపు రక్షణ ఆలోచించాలి. ఈ లెక్క అందరికంటే ముందు తెలిసేది చేప కోసే ఆడవాళ్లకు. వారిని అడిగేవారే లేరు, అది నాకు బాధగా ఉంటుంది.

నవంబరు, డిసెంబరులో నీరు రంగు మారి, ఉప్పదనం తగ్గుతుంది. వాతావరణ మార్పుతో దీనికి సంబంధం ఉందా?

ఆ మార్పు పాతదే. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ, ఇంతమంది నదీమతల్లులు మంచినీరు తెచ్చి పోసే సముద్రం మనది. వానాకాలం ముగిశాక తీరం వెంబడి ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది. ఉత్తరాన కలిసిన మంచినీరు పలచటి పొరలా మన దాకా వస్తుంది. అక్టోబరు నుంచి ఇక్కడ ఈశాన్య రుతుపవన వానలూ, పెన్న వరదా దానికి తోడవుతాయి. ఫిబ్రవరి నుంచి ప్రవాహం తిరిగి ఉత్తరానికి మళ్లుతుంది.

కొత్త సంగతి వేరే ఉంది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. తేలికైన నీరు పాలమీద మీగడలా పైన నిలిచిపోతుంది. ఎండ ఆ మీగడను మరింత వేడెక్కించి, మరింత తేలిక చేస్తుంది. కింద చల్లని నీటిలో చేపల ఆహారానికి కావలసిన ఎరువు ఉంటుంది. చచ్చిన జీవులు, మలినాలు కుళ్లి తయారైన నత్రజని, భాస్వరం అవి. గాలి వీచి నీటిని కలియదిప్పితేనే ఆ ఎరువు పైకి వస్తుంది, ఎండ తగిలి కంటికి కనిపించని పచ్చని ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు) మొలుస్తాయి, వాటిని తిని నెత్తళ్లు, కవ్వళ్లు పెరుగుతాయి, వాటిని తిని వంజరం. పైపొర వేడెక్కి గట్టిపడే కొద్దీ ఈ కలియబోత తగ్గుతుంది. అన్నం ఉంది, కాని అటక మీది కుండలో ఉంది, అందదు. అరేబియా సముద్రంతో పోలిస్తే మన సముద్రంలో చేప తక్కువగా ఉండటానికి మొదటి నుంచీ ఈ మంచినీటి మూతే ఒక పెద్ద కారణం. వేడి ఆ మూతను ఇంకా బిగిస్తోంది. పడమటి హిందూ మహాసముద్రంలో వేడెక్కడం వల్ల ప్లవకాలు ఆరు దశాబ్దాల్లో 20 శాతం వరకు తగ్గాయని 2016లో వచ్చిన పరిశోధన చెప్పింది.

లోతుకు వెళ్తే ప్రాణవాయువు కరువన్నారు. ఎందుకు?

బంగాళాఖాతంలో సుమారు వంద మీటర్లు దాటాక కొన్ని వందల మీటర్ల మందాన ప్రాణవాయువు దాదాపు లేని నీటి పొర ఉంది. పైనుంచి రాలే చెత్త కుళ్లడానికి ప్రాణవాయువు ఖర్చవుతుంది, మంచినీటి మూత వల్ల కొత్తది కిందికి దిగదు. ప్రపంచ సముద్రాలన్నిటిలో 1960 నుంచి 2010 వరకు ప్రాణవాయువు సుమారు 2 శాతం తగ్గింది. పైన వేడి, కింద ఊపిరాడని నీరు. ఈ రెండింటి మధ్య చేప తిరిగే అంతస్తు ఇరుకైపోతోంది. ఇరుకైన చోట వల వేస్తే ఒక్కోసారి కుప్పలుగా పడుతుంది. అది చూసి "సముద్రంలో చేపకేం తక్కువ" అనుకోవడం మోసపోవడమే.

సముద్రానికీ వడగాడ్పులు ఉంటాయా?

ఉంటాయి. ఒక చోట పైనీరు ఆ కాలానికి ఉండాల్సిన వేడి కంటే బాగా ఎక్కువై రోజుల తరబడి దిగకపోతే దాన్ని సముద్రపు వడగాడ్పు అనవచ్చు. ప్రపంచమంతటా ఇవి 1980ల నుంచి రెట్టింపయ్యాయి. 2020 మే నెలలో బంగాళాఖాతంలో వచ్చిన వడగాడ్పుకు తమిళనాడు దగ్గర మన్నారు సింధుశాఖలో 85 శాతం పగడాలు రంగు కోల్పోయి తెల్లబడ్డాయి. మన తీరంలో పగడాల తోటలు లేవు కాబట్టి మనకు అలాంటి గుర్తు కనిపించదు. చేప ఒడ్డు విడిచి వెళ్లిపోవడమే ఇక్కడ గుర్తు.

ఇదంతా "వేగం పుంజుకుంటోంది" అంటారు. ఎంత వేగం?

రెండు అంకెలు చాలు. ప్రపంచ సముద్రమట్టం 1993 నుంచి 2002 వరకు ఏటా 2.13 మిల్లీమీటర్ల చొప్పున పెరిగితే, 2014 నుంచి 2023 వరకు ఏటా 4.77 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. ఒక తరం గడవకముందే రెట్టింపు కంటే ఎక్కువ. సముద్రం వేడెక్కే వేగమూ 1993 తర్వాత రెట్టింపు దాటిందని ఐక్యరాజ్య సమితి వాతావరణ నిపుణుల బృందం 2019లో చెప్పింది. ఆ తర్వాత వచ్చిన 2023, 2024 సంవత్సరాలు పాత రికార్డులను చెరిపేశాయి.

అయితే సముద్రం మా ఊరి మీదికి వచ్చేస్తోందా? ఒడ్డు ఏటేటా కోసుకుపోతోంది.

వస్తోంది, కాని ప్రతి కోతా దాని పనే కాదు. నీరు వేడెక్కితే ఉబ్బుతుంది, మంచు కరిగి వచ్చి చేరుతుంది. మట్టం పెరగడానికి ఈ రెండే ప్రధాన కారణాలు. మన తీరం పళ్లెంలా చదునైనది. మట్టం వేలెడు పెరిగినా పోటు నీరు చాలా దూరం లోపలికి వస్తుంది.

అయితే ఇసుక సంగతి కూడా మాట్లాడాలి. ఒడ్డున ఇసుక నది తెచ్చిపెట్టేది. పెన్న మీద 78 టీఎంసీల సోమశిల జలాశయం నీటితో పాటు ఒండ్రునూ పట్టి ఉంచుతోంది. నదిలో మిగిలిన ఇసుక లారీలెక్కుతోంది. తీరం వెంబడి నడిచే ఇసుకను ఓడరేవుల గోడలు అడ్డుకుంటాయి. గోడకు ఒక పక్క ఇసుక మేట వేస్తుంది, రెండో పక్క ఊరు కోతకు గురవుతుంది. సాధారణంగా మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక నడక దక్షిణం నుంచి ఉత్తరానికి. కాబట్టి గోడకు ఉత్తరాన ఉన్న ఊళ్లు ముందు జాగ్రత్త పడాలి. ఓడరేవు కట్టేటప్పుడే ఆ ఊళ్లకు ఇసుక ఎలా అందుతుందని గట్టిగా అడగాలి. కట్టాక అడిగితే రాళ్లు తెచ్చి పోస్తారు, అంతే.

ఇంకొకటి కంటికి కనిపించదు. ఉప్పునీరు నేల అడుగు నుంచి వస్తుంది. తీరపు ఊళ్లలో బోరు నీళ్లు చప్పబడి, తర్వాత ఉప్పెక్కి, చివరికి బిందెడు నీళ్లు కొనుక్కునే స్థితి వస్తుంది. మనం ఎక్కువగా తోడటం ఒక కారణం, సముద్రం నెట్టుకురావడం మరొకటి.

తుఫాన్లు పెరిగాయా?

సంఖ్య కాదు, బలం పెరిగింది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానును ఆ తరం వారు ఇప్పటికీ మరచిపోలేదు. కాబట్టి ఇంత భీకరమైనవి మునుపు లేవనడం సరికాదు. రుతుపవనాల తర్వాతి నెలల్లో వచ్చే అతి తీవ్ర తుఫాన్లు మాత్రం 2000 నుంచి 2018 మధ్య పెరిగాయని పైన చెప్పిన 2020 నివేదిక గుర్తించింది. తుఫానుకు తిండి వేడినీరే. సముద్రం పైనీరు సుమారు 26.5 డిగ్రీలు దాటితే చాలు. మన సముద్రం ఏడాదిలో ఎక్కువ కాలం 28 డిగ్రీలు దాటే ఉంటుంది.

2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ అంతకుముందు నెల్లూరు తీరాన్ని ఒరుసుకుంటూ నెమ్మదిగా పైకి నడిచింది. నెమ్మదిగా నడిచే తుఫానే ఎక్కువ వాన కురిపిస్తుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ మోయగలదు. 2021 నవంబరు వరదలో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగిందంటే వాన ఎంత కుండపోతగా కురిసిందో తెలుస్తుంది.

వేటగాళ్లకు అన్నిటికంటే ప్రమాదం ఏమిటంటే, కొన్ని వాయుగుండాలు ఒక్క రోజులోనే భీకర తుఫాన్లుగా మారడం. "రేపు సాయంత్రానికి కదా, పొద్దున్నే వెళ్లి వచ్చేస్తాం" అనే పాత లెక్క ఇక వేసుకోకండి. ఓడరేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే పడవ ఒడ్డునే ఉండాలి.

రొయ్యల గుంటలకు సముద్రంతో పని ఏమిటి? మాది నీరు కట్టిన చెరువే కదా?

గుంట సముద్రానికి చెల్లెలు లాంటిది. నీరు అక్కడిదే, గాలి అక్కడిదే, జబ్బులూ చాలావరకు అక్కడివే. తేడా ఒక్కటే, సముద్రంలో మార్పుకు ఏళ్లు పడితే గుంటలో ఒక్క రాత్రి చాలు. 2009లో వనామి అనే విదేశీ రకం రొయ్య అనుమతితో వచ్చాక నెల్లూరు, ప్రకాశం తీరంలో ఎన్ని కుటుంబాలు దీని మీద నిలబడ్డాయో మీకు తెలుసు. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

వనామికి 28–30 డిగ్రీల నీరు హాయి. మే నెలలో లోతు తక్కువ గుంటలో నీరు అంతకు మించి కాగుతుంది. రొయ్య మేత ఎక్కువ అడుగుతుంది. మేత ఎక్కువ వేస్తే మిగిలింది అడుగున కుళ్లుతుంది, ఆ కుళ్లు రాత్రి ప్రాణవాయువును లాగేస్తుంది. తెల్లవారుజామున మూడింటికీ ఐదింటికీ మధ్య రొయ్యలు గట్టు వెంట పైకి తేలాయంటే అదే కారణం. ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఎక్కువ గంటలు తిప్పాలి, కరెంటు బిల్లు, డీజిలు ఖర్చు పెరుగుతాయి. వెచ్చని నీటిలో రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా కూడా విజృంభిస్తుంది.

అకాల వాన మరో దెబ్బ. మండే ఎండ మీద ఒక్కసారి కుండపోత కురిస్తే ఉప్పదనం, వేడి రెండూ ఒకేసారి పడిపోతాయి. మంచినీరు పైన నిలిచి, అడుగు నీటికి ఊపిరి అందదు. బంగాళాఖాతంలో జరిగేదే ఇక్కడ ఎకరం గుంటలో జరుగుతుంది. నీరు చల్లబడి రొయ్య నీరసించిన వేళ తెల్లమచ్చ వైరస్ చొరబడుతుంది. వాన మొదలవగానే మేత తగ్గించడం, పైనీరు తూము గుండా వదిలేయడం, ఏరేటర్లు తిప్పుతూనే ఉండటం, వాన వెలిశాక సున్నం చల్లి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) సరిచూడటం అనుభవజ్ఞులు చేసేవే. వీటికి తోడు ఎండాకాలం పంటకు గుంట లోతు పెంచుకోవడం, పిల్లలను పలచగా వదలడం నా సలహా. ఎకరాకు ఎంత తీశామన్న పోటీలో చిక్కగా వదిలిన గుంటే మొదట పడిపోతోంది.

సముద్రం పులిసిపోతోందని ఎక్కడో విన్నాం. పెరుగులాగానా?

గాలిలో మనం వదిలే బొగ్గుపులుసు వాయువులో సుమారు నాలుగో వంతు సముద్రంలో కరుగుతుంది. కరిగి ఆమ్లమవుతుంది. పైనీటి పీహెచ్ పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దగ్గర ఉండేది, ఇప్పుడు 8.1 దగ్గరికి వచ్చింది. చిన్న తేడాలా కనిపిస్తుంది గాని ఆ కొలత లెక్క ప్రకారం ఆమ్లగుణం నాలుగో వంతుకు పైగా పెరిగినట్టు. సముద్రం ఇంకా క్షారమే, నాలుకకు పుల్లగా ఏమీ ఉండదు. కాని సున్నంతో ఇల్లు కట్టుకునే ఆల్చిప్పలకు, నత్తలకు, పగడాలకు, సన్నని ప్లవకాలకు గోడ కట్టడం కష్టమవుతుంది. పిల్ల దశలో కష్టం మరీ ఎక్కువ.

పులికాట్ సరస్సు పరిస్థితి ఏమిటి?

ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట, తడ ఇప్పుడు తిరుపతి జిల్లా కింద ఉన్నా ఆ నీటి మీద బతికేవారు మనవారే. సరస్సు బతికేది ముఖద్వారం మీద. పోటుకు సముద్రం లోపలికి వచ్చి, పాటుకు వెనక్కి పోతుంటేనే రొయ్య పిల్లలు, పీతలు, బొంత చేపలు లోపలికి వచ్చి పెరుగుతాయి. రాయదొరువు వైపు ముఖద్వారం ఇసుకతో పూడిపోతే సరస్సు వేసవిలో ఉప్పుగల్లు అవుతుంది, నీరు ఆవిరై నేల నెర్రెలిస్తుంది. ఎండ పెరిగే కొద్దీ ఈ ఆవిరి కూడా పెరుగుతుంది. చేప లేకపోతే నేలపట్టుకు వచ్చే గూడబాతులకూ తిండి లేదు. మన తీరానికి ఇది ఊయల. పూడిక తీత ఒక్కసారి చేసి వదిలేసే పని కాదు, ఏటేటా చూసుకోవాల్సింది.

చేప తగ్గడానికి వాతావరణమే కారణమా? తమిళనాడు పెద్ద బోట్ల సంగతి చెప్పరేం?

చెప్పాలి. అన్నీ వాతావరణం మీద తోసేస్తే చేతిలో ఉన్న పని తప్పించుకున్నట్టే. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు నాటు పడవలదే హక్కు, మర బోట్లు రాకూడదు. ఎక్కడి బోట్లయినా ఆ గీత దాటి వచ్చి, సన్న కన్నుల వలలతో అడుగంతా ఊడ్చుకుపోతే పిల్ల చేప మిగలదు. ఇసకపల్లి, తుమ్మలపెంట, జువ్వలదిన్నె వైపు ఈ గొడవలు పాతవే. మనవాళ్లు వేసే సన్న కన్నుల వలల గురించీ అంతే నిక్కచ్చిగా మాట్లాడాలి. కాలువల్లోకి వదిలే మురుగు, గుంటల నుంచి శుద్ధి చేయకుండా వదిలే నీరు, థర్మల్ కేంద్రాలు తిరిగి సముద్రంలోకి పంపే వేడినీరు, ఇవన్నీ ఉన్నాయి.

నా అభిప్రాయం ఇది: వేడి చేపను నీరసపరుస్తోంది, మన వల దాన్ని కోలుకోనివ్వడం లేదు. వేడిని నెల్లూరులో కూర్చుని ఆపలేం. వలను ఆపగలం.

తాబేళ్లు చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయి. అదీ వేడివల్లనేనా?

ఎక్కువగా వలల వల్ల. తాబేలు ఊపిరికి పైకి రావాలి, ఈడ్పు వలలో చిక్కితే రాలేదు. వేడి దెబ్బ గుడ్ల దగ్గర తగులుతుంది. ఆలివ్ రిడ్లే తాబేలు పిల్ల ఆడో మగో నిర్ణయించేది గూడు లోపలి ఇసుక వేడి. ఇసుక కాగే కొద్దీ అన్నీ ఆడపిల్లలే పుడతాయి. జనవరి నుంచి మార్చి వరకు మన ఒడ్డున గూడు కనిపిస్తే కుక్కలు తవ్వకుండా కాపాడి అటవీ సిబ్బందికి కబురు పెట్టండి. జెల్లీ చేపలను తిని తగ్గించే కొద్ది జీవుల్లో తాబేలు ఒకటి. ఆ జెల్లీ చేపలు వలల్లో నిండి ఎంత విసిగిస్తాయో మీకు తెలిసిందే.

చేపలు ఎక్కడున్నాయో ఫోనులో చెబుతారట. నమ్మవచ్చా?

నమ్మవచ్చు. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం ఉపగ్రహాల నుంచి పైనీటి వేడి, ప్లవకాల పచ్చదనం చూసి, చేప చేరే అవకాశమున్న చోటును మీ రేవు నుంచి దిక్కు, దూరం, లోతు లెక్కలతో తెలుగులోనే చెబుతుంది. వేడినీరు, చల్లనీరు కలిసే అంచున ప్లవకాలు పోగవుతాయి, చేప అక్కడికి వస్తుంది. మబ్బు పట్టిన రోజుల్లో, వేట నిషేధ కాలంలో ఈ సూచన ఉండదు. డీజిలు ఆదా అవుతుంది. అదే కేంద్రం ఇచ్చే అలల హెచ్చరికలు కూడా చూసుకున్నాకే పడవ నీటిలోకి తోయండి.

మేము కొనుక్కుని తినేవాళ్లం. మేమేం చేయగలం?

అరచేయంత వంజరం, పిల్ల చందువ చవకగా వచ్చాయని కొనకండి. కొనేవారు లేకపోతే పట్టేవారు తగ్గుతారు. ఎప్పుడూ వంజరం, చందువే కాకుండా నెత్తళ్లు, కవ్వళ్లు కూడా వండండి. పులుసుకు మామిడికాయ ముక్క వేస్తే కవ్వళ్లు వంజరానికి తీసిపోవు, మరునాటికి ఇంకా బాగుంటాయి. గుడ్లతో ఉన్న పీతను ఎత్తి చూపించి "ఇది వద్దు" అని అమ్మేవారితో చెప్పండి.

మడ చెట్లు నాటితే సముద్రం చల్లబడుతుందా?

చల్లబడదు. కాని కండలేరు వాగులో, పెన్న ముఖద్వారం దగ్గర మడ వేళ్ల మధ్య పిల్ల రొయ్య, పండుగప్ప పిల్ల దాక్కుని పెరుగుతాయి. వేళ్లు ఒండ్రును పట్టి ఒడ్డును నిలుపుతాయి. సరుగుడు తోపు గాలిని ఆపుతుంది గాని ఆ పని చేయలేదు. మడకు మొక్కల కంటే ముందు పోటునీరు వచ్చిపోయే దారి కావాలి. దారి మూసేసి గుంట తవ్విన చోట ఎన్ని మొక్కలు నాటినా ఎండిపోతాయి.

మా తాతలు గాలిని, నీటి రంగును చూసి చేప చెప్పేవారు. ఇప్పుడు ఆ లెక్కలు తప్పుతున్నాయి. వాటిని రాసి పెట్టుకుంటే ప్రయోజనం ఉందా?

చాలా ఉంది. ఉపగ్రహం నీటి పైపొరను చూస్తుంది. చేప కడుపులో గుడ్లున్నాయో లేదో దానికి తెలియదు. ఊరికొక నోటుపుస్తకం పెట్టి, చదువుకునే పిల్లలతో రాయించండి. తేదీ, వల పేరు, ఎన్ని బారల లోతు, నీటి రంగు, గాలి దిక్కు, పడిన చేపలు, చేప పొడవు జానెల్లో, కడుపులో గుడ్లు. ఒక వరుస ఇలా ఉంటే చాలు: "నవంబరు 20. ఈశాన్యపు గాలి. 12 బారలు. నీరు బూడిద రంగు, చప్పగా ఉంది. కానాగంతలు రెండు బుట్టలు, జానెడు లోపే. అమ్మ పది కోసింది, ఆరింటిలో గుడ్లు."